పాత నంబరు వదిలేశారా? మీ మెయిల్ తాళంచెవి దాంతోనే పోయి ఉండొచ్చు

కాలేజీ రోజుల్లో మీ దగ్గరో సిమ్ ఉండేది. ఆ నంబరుతోనే మొదటి జీమెయిల్ ఖాతా తెరిచారు. తర్వాత ఉద్యోగం వచ్చింది, ఊరు మారారు, మంచి ఆఫర్ ఉందని ఇంకో కంపెనీ సిమ్ తీసుకున్నారు. పాతది కొన్నాళ్లు డ్రాయర్‌లో ఉంది. రీచార్జి మానేశారు. ఆ తర్వాత దాని సంగతే మర్చిపోయారు.

ఇప్పుడు ఇలా జరిగిందనుకోండి. మెట్రోలో ఫోన్ పోయింది. కొత్త ఫోన్ కొన్నారు. అది మీ మెయిల్, పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ గుర్తు లేదు. ‘మర్చిపోయాను’ అని నొక్కితే, చివరి రెండంకెలు మాత్రం చూపిస్తూ ఓ నంబరుకు కోడ్ పంపుతామంటోంది. చూస్తే ఆ అంకెలు మీ పాత నంబరువే. అది ఇప్పుడు మీ దగ్గర లేదు. ఎవరి దగ్గరుందో కూడా తెలియదు.

మెయిల్ తెరుచుకోకపోతే కాంటాక్టులు, ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, టికెట్లు, పన్ను రిటర్నుల రసీదులు అన్నీ లోపలే ఉండిపోతాయి. ఇంతా చేస్తే ఇక్కడ హ్యాకర్ ఎవరూ లేరు. ఒక సెట్టింగ్ మార్చడం మీరు మర్చిపోయారు, అంతే.

ఫోన్ నంబరుకూ ఈమెయిల్‌కూ ఈ ముడి ఎలా పడింది? అది ఎక్కడెక్కడ ఉంటుంది? నంబరు మారుతున్నప్పుడు ఏది ముందు మార్చాలి, ఏది తర్వాత? వివరంగా చూద్దాం.

ఈ రెండూ అసలు వేర్వేరు వ్యవస్థలు

ఈమెయిల్ పుట్టినప్పుడు దానికి ఫోన్ నంబరుతో పని లేదు. 1971లో అమెరికా ఇంజినీరు రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు సందేశం పంపుతూ, మనిషి పేరుకూ కంప్యూటర్ పేరుకూ మధ్య ‘ఎట్’ గుర్తు పెట్టారు. ఇప్పటికీ మెయిల్ చిరునామా అదే తీరులో ఉంటుంది.

ఫోన్ నంబర్ల లెక్క వేరు. ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వీటికి ‘ఈ.164’ అనే ప్రమాణం పెట్టింది. దేశం కోడ్‌తో కలిపి ఏ నంబరైనా 15 అంకెలు దాటకూడదు. మన దేశం కోడ్ 91. ఆ తర్వాత మొబైల్ నంబరు 10 అంకెలు.

ఈ రెంటినీ కలపాలని 2000 సంవత్సరంలో ఇంజినీర్లు ఒక పద్ధతి రాశారు. దాని పేరు ‘ఈనమ్’. ఆలోచన తేలికైనదే. నంబరును వెనక నుంచి ముందుకు తిప్పి, అంకెల మధ్య చుక్కలు పెట్టి, ఇంటర్నెట్ చిరునామాగా మార్చడం. ఉదాహరణకు 91 40 1234 5678 అనే ఊహాజనిత హైదరాబాద్ నంబరు 8.7.6.5.4.3.2.1.0.4.1.9 అవుతుంది. దాని చివర ‘ఈ164.ఆర్పా’ అని చేర్చి ఇంటర్నెట్‌లో వెతికితే, ఆ నంబరు గల వ్యక్తి మెయిల్ చిరునామా, ఇంటర్నెట్ కాల్ చిరునామా వచ్చేస్తాయి. ఒక్క నంబరు తెలిస్తే చాలు, మనిషిని ఏ దారిలోనైనా చేరుకోవచ్చన్నది దీని ఉద్దేశం.

2004లో ఆస్ట్రియా దీన్ని ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. కానీ ప్రపంచమంతా పాకలేదు. నంబరు తెలిసిన ప్రతివాళ్లకూ మెయిల్ చిరునామా దొరికిపోతే ప్రకటనల వాళ్లకు, మోసగాళ్లకు పండగే కదా. పైగా ఫోన్ కంపెనీలకూ దీనిపై పెద్దగా ఆసక్తి లేకపోయింది. చివరికి అది ఎక్కువగా కంపెనీల మధ్య కాల్స్ మళ్లించే లోపలి పనికే పరిమితమైంది.

అమెరికాలో ఇంకో ముడి ఉండేది. ఫోన్ నంబరు పక్కన ‘ఎట్’ పెట్టి కంపెనీ ఇచ్చిన పేరు రాసి మెయిల్ పంపితే, అది ఎస్సెమ్మెస్‌గా ఫోన్‌కు చేరేది. చాలా ఏళ్లు నడిచిన ఈ సేవను ఏటీ అండ్ టీ సంస్థ 2025 జూన్‌లో ఆపేసింది.

ఇంజినీర్లు అనుకున్న దారిలో ఈ రెండూ కలవలేదు. కలిసింది ఇంకో దారిలో. పాస్‌వర్డ్ మర్చిపోయేవాళ్లు కోట్లలో ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడానికి మెయిల్ కంపెనీలకు తేలిగ్గా దొరికింది ఫోన్ నంబరే. అలా నంబరు మెయిల్‌కు తాళంచెవిగా మారింది.

ముడి ఒకటి కాదు, మూడు

‘మెయిల్‌కు నంబరు లింక్ చేశాను’ అని అందరం అంటాం. కానీ ఒకే ఖాతాలో నంబరు మూడు వేర్వేరు పనులు చేస్తుంటుంది. ఒక చోట మార్చితే మిగతా చోట్ల దానంతట అదే మారుతుందని అనుకోవద్దు.

• రికవరీ నంబరు: పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు, ఖాతాలోకి కొత్త చోటు నుంచి ఎవరో వస్తున్నారని అనుమానం వచ్చినప్పుడు కోడ్ వెళ్లే నంబరు ఇది.

• రెండో దశ ధ్రువీకరణ నంబరు: పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా, లోపలికి వెళ్లే ముందు అడిగే ఓటీపీ దీనికి వస్తుంది. గూగుల్ ఖాతాలో దీని సెట్టింగ్ వేరు, రికవరీ నంబరు సెట్టింగ్ వేరు. చాలామంది పొరపడేది ఇక్కడే. రికవరీ నంబరు మార్చి హమ్మయ్య అనుకుంటారు. ఓటీపీ మాత్రం పాత నంబరుకే వెళ్తూ ఉంటుంది.

• వ్యక్తిగత వివరాల్లోని నంబరు: పేరు, పుట్టినతేదీ పక్కన ఉండే నంబరు.

ఇక ఈ మెయిల్‌నే మీరు బ్యాంకుకు, ఆదాయపన్ను పోర్టల్‌కు, రైలు టికెట్ల ఖాతాకు, షాపింగ్ యాప్‌లకు ఇచ్చి ఉంటారు. వాటి పాస్‌వర్డ్ మర్చిపోతే లింకు మెయిల్‌కు వస్తుంది. మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ నంబరుకు వస్తుంది. అంటే గొలుసు చివర వేలాడుతున్నది ఆ పది అంకెల నంబరే. అది జారిపోతే పైనున్నవన్నీ కదులుతాయి.

నంబరు మీ దగ్గర ఉంటుందంతే, మీ సొత్తు కాదు

ఇల్లు కొన్నట్టు నంబరును కొనుక్కోలేం. నంబర్లు ప్రభుత్వం చేతిలోని పరిమిత వనరు. టెలికం శాఖ వాటిని కంపెనీలకు కేటాయిస్తుంది, కంపెనీ మీకు వాడుకోవడానికి ఇస్తుంది. వాడకం ఆగితే వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తుంది.

ప్రీపెయిడ్ నంబర్లకు ట్రాయ్ నిబంధనలు ఇలా ఉన్నాయి. కాల్, ఎస్సెమ్మెస్, డేటా ఏదీ వాడకుండా వరుసగా 90 రోజులు గడిచేదాకా, వాడటం లేదన్న కారణంతో నంబరును తీసేయకూడదు. 90 రోజులు దాటినా ఖాతాలో 20 రూపాయలో అంతకు మించో బ్యాలెన్స్ ఉంటే, అందులోంచి కోసుకుని మరో 30 రోజులు కొనసాగించాలి. బ్యాలెన్స్ లేక నంబరు ఆగిపోతే, తిరిగి తెరిపించుకోవడానికి 15 రోజుల వ్యవధి ఇవ్వాలి. రీచార్జి గడువు ముగిశాక అవుట్‌గోయింగ్ ఎప్పుడు ఆగుతుంది, ఇన్‌కమింగ్ ఎప్పుడు ఆగుతుందన్నది ప్లాన్‌ను బట్టి, కంపెనీని బట్టి మారుతుంది.

పూర్తిగా రద్దయిన నంబరును కనీసం 90 రోజుల వరకు కొత్తవాళ్లకు ఇవ్వడం లేదని ట్రాయ్ సుప్రీంకోర్టుకు తెలిపింది. 2023 నవంబరులో కోర్టు దాన్ని నమోదు చేసుకుంటూ, నంబరు వదిలేసేవాళ్లు దానితో ఉన్న తమ సమాచారాన్ని ముందే తొలగించుకునే జాగ్రత్త తీసుకోవాలని పేర్కొంది.

లెక్క వేసుకోండి. రీచార్జి మానేసి, బ్యాలెన్స్ లేకుండా వదిలేసిన నంబరు సుమారు ఆరేడు నెలల్లో ఇంకొకరి ఫోన్‌లో మోగవచ్చు. కొత్తగా తీసుకున్న వ్యక్తి నేరస్తుడు కానక్కర్లేదు. డిగ్రీ మొదటి ఏడాది కుర్రాడు కావచ్చు, కూరగాయల వ్యాపారి కావచ్చు. కానీ మీ మెయిల్ రికవరీ కోడ్ ఆ ఫోన్‌కే వెళ్తుంది.

దీని తీవ్రత ఎంతో ఒక పరిశోధన చూపించింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో, రెండు పెద్ద ఫోన్ కంపెనీలు కొత్త కస్టమర్లకు ఇవ్వడానికి ఉంచిన 259 నంబర్లను పరిశీలించారు. వాటిలో 171 నంబర్లు పేరున్న వెబ్‌సైట్లలో పాత యజమానుల ఖాతాలతో ఇంకా ముడిపడే ఉన్నాయి. అంటే ప్రతి మూడింటిలో దాదాపు రెండు.

కంపెనీ మారడానికి నంబరు వదలక్కర్లేదు

సిగ్నల్ సరిగా లేదనో, ప్లాన్ ధర పెరిగిందనో కొత్త సిమ్ తీసుకుని పాత నంబరు వదిలేసేవాళ్లు ఇంకా ఉన్నారు. దేశమంతటా 2011 జనవరి నుంచి నంబరు మార్చకుండానే కంపెనీ మారే వీలుంది. ‘పోర్ట్’ అని రాసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు చేర్చి 1900కు ఎస్సెమ్మెస్ పంపితే కోడ్ వస్తుంది. దాంతో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్తే సరిపోతుంది. అయితే 2024 జులై 1 నుంచి ఒక మార్పు వచ్చింది. సిమ్ కార్డు మార్చుకున్న ఏడు రోజుల వరకు ఈ కోడ్ ఇవ్వరు. మీ నంబరును ఎవరైనా దొంగచాటుగా తమ సిమ్‌లోకి మార్చుకుని, వెంటనే ఇంకో కంపెనీకి తరలించకుండా పెట్టిన అడ్డుకట్ట ఇది.

మరో మాట. మీ నంబరు ఎవరి పేరున ఉంది? ఊళ్లో నాన్న ఆధార్ మీద తీసుకున్న సిమ్‌ను హైదరాబాద్‌లోనో విశాఖలోనో వాడుతున్న పిల్లలు చాలామందే ఉంటారు. సిమ్ పోతే అదే నంబరు మళ్లీ తీసుకోవడానికి ఆ పేరున్న వ్యక్తే రావాలి. కేంద్ర టెలికం శాఖ ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో, యాప్‌లో మీ పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూసుకోవచ్చు. 2021లో ఈ సదుపాయం మొదట ప్రారంభమైంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వినియోగదారుల కోసమే. మన రాష్ట్రాల్లో ఒక వ్యక్తి పేరున గరిష్ఠంగా తొమ్మిది కనెక్షన్లు ఉండొచ్చు. మీకు తెలియని నంబరు కనిపిస్తే ‘నాది కాదు’ అని అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. మీరు వదిలేశాననుకున్న పాత నంబరు అందులో ఇంకా కనిపిస్తే మీ అదృష్టం. ముందు దాన్ని రీచార్జి చేయించండి, తర్వాత తీరిగ్గా ముడులు విప్పుకోవచ్చు.

ఆధార్, బ్యాంకు, యూపీఐల సంగతేంటి?

ఆధార్: మెయిల్ కన్నా పెద్ద ముడి ఇది. డిజీలాకర్, పాన్, పింఛను, పీఎఫ్, మరెన్నో సేవల ఓటీపీ ఆధార్‌కు ఇచ్చిన నంబరుకే వస్తుంది. అక్కడ ఏ నంబరు ఉందో గుర్తు లేకపోతే, 2023 నుంచి యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో ‘మొబైల్, ఈమెయిల్ ధ్రువీకరణ’ అనే సదుపాయం ఉంది. మీరు అనుకుంటున్న నంబరు కొడితే, ఆధార్‌లో ఉన్నది అదో కాదో చెబుతుంది. మొబైల్ నంబరు మార్చుకోవడానికి ఆధార్ కేంద్రానికి వెళ్తే వేలిముద్ర సరిపోతుంది, ఏ పత్రమూ అక్కర్లేదు. కొన్ని పోస్టాఫీసులు, బ్యాంకు శాఖల్లోనూ ఈ కేంద్రాలున్నాయి. 2025 అక్టోబరు 1 నుంచి దీని రుసుము 75 రూపాయలు. అంతకు మించి అడిగితే 1947కు ఫిర్యాదు చేయండి.

అదే పనిలో మెయిల్ చిరునామా కూడా ఇచ్చి రండి. మీ ఆధార్‌తో ఎక్కడైనా ధ్రువీకరణ జరిగినప్పుడు మెయిల్‌కు సమాచారం వస్తుంది. మీరు ఇంట్లో కూర్చుని ఉండగా ఎక్కడో మీ ఆధార్ వాడారని మెయిల్ వస్తే వెంటనే మేల్కొనవచ్చు.

బ్యాంకు: మెయిల్, నంబరు రెండూ సరైనవి ఇచ్చి ఉంటే ఒకటి ఆగినా రెండోదాని ద్వారా లావాదేవీ తెలుస్తుంది. చాలామంది ఖాతా తెరిచేటప్పుడు మెయిల్ గడి ఖాళీగా వదిలేస్తారు, లేదా ఎప్పటిదో ఆఫీసు మెయిల్ ఇస్తారు. ఉద్యోగం మానేసిన రోజే ఆ మెయిల్ ఆగిపోతుంది. బ్యాంకుకు ఎప్పుడూ సొంత మెయిలే ఇవ్వండి.

యూపీఐ: యూపీఐ ఐడీని ఒకసారి గమనించండి. ఫోన్ నంబరు, పక్కన ‘ఎట్’, ఆ తర్వాత బ్యాంకు పేరు. చూడటానికి అచ్చం మెయిల్ చిరునామాలా ఉంటుంది, కానీ దానికి మెయిల్ పంపలేం. 2016లో మొదలైన యూపీఐ ఈ పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది. ఇక్కడ కూడా పాత నంబరుతో చిక్కుంది. కొత్త వ్యక్తి ఆ నంబరు తీసుకున్నంత మాత్రాన మీ డబ్బు తీయలేరు, దానికి పిన్ కావాలి. కానీ ఆ నంబరును తన ఖాతాకు జోడించుకుంటే, మీకని స్నేహితులు పాత నంబరుకు పంపే డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది.

ఈ చిక్కుకు విరుగుడుగా, రద్దయిన నంబర్ల జాబితాను టెలికం శాఖ తన డిజిటల్ వేదికపై బ్యాంకులకు అందుబాటులో ఉంచుతోంది. బ్యాంకులు, యూపీఐ యాప్‌లు కనీసం వారానికోసారి దాన్ని చూసి తమ రికార్డులు సరిచేసుకోవాలని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆదేశించింది. 2025 ఏప్రిల్ నుంచి ఇది అమల్లోకి వచ్చింది. అయితే ఈ ఆదేశం బ్యాంకులకు, యూపీఐ యాప్‌లకు. మీ మెయిల్‌ను సరిచేసుకోవాల్సింది మీరే.

నంబరు మార్చుతున్నారా? ఈ వరుసలో చేయండి

పాత సిమ్ పనిచేస్తుండగానే ఈ పనులన్నీ పూర్తి కావాలి. ఎందుకంటే మార్పుకు అనుమతి కోరుతూ వచ్చే ఓటీపీ చాలాచోట్ల పాత నంబరుకే వస్తుంది. కనీసం రెండు నెలలు రెండు సిమ్‌లూ నడపండి. రెండు నెలల రీచార్జి ఖర్చు, ఆ తర్వాత పడే తిప్పల ముందు ఎంత!

1. మొదట మెయిల్. ఖాతా సెక్యూరిటీ విభాగంలోకి వెళ్లి రికవరీ నంబరు, రెండో దశ నంబరు, వ్యక్తిగత వివరాల్లోని నంబరు మూడూ మార్చండి. గూగుల్‌లో రికవరీ నంబరు మార్చాక కూడా ఏడు రోజుల వరకు కోడ్ పాత నంబరుకు పంపే వీలును ఉంచుతారు. కాబట్టి మార్చిన మర్నాడే పాత సిమ్ విరిచేయకండి.

2. తర్వాత ఆధార్. కేంద్రంలో ఇచ్చిన రసీదు దాచుకోండి. మార్పు నమోదయ్యాక వెబ్‌సైట్‌లో ధ్రువీకరించుకోండి.

3. బ్యాంకులు. అన్ని ఖాతాలు, క్రెడిట్ కార్డులు, డీమ్యాట్, బీమా. వాడకుండా వదిలేసిన పాత జీతం ఖాతాను కూడా మర్చిపోవద్దు.

4. యూపీఐ. కొత్త నంబరుతో నమోదయ్యాక, పాత నంబరుపై ఉన్న ఐడీని యాప్‌లో తొలగించండి.

5. వాట్సాప్. సెట్టింగ్స్‌లో ‘నంబరు మార్చు’ అనే సదుపాయం ఉంది. దాంతో చాట్‌లు, గ్రూపులు కొత్త నంబరుకు వస్తాయి. కొత్త ఫోన్‌లో ఊరికే కొత్త ఖాతా తెరిస్తే పాత నంబరు మీద పాత ఖాతా అలాగే మిగిలిపోతుంది.

6. మిగతావన్నీ. పన్ను, పీఎఫ్, గ్యాస్, కరెంటు, రైలు టికెట్లు, పిల్లల స్కూలు.

ఎక్కడెక్కడ ఇచ్చామో గుర్తు రాకపోతే ఒక చిట్కా. పాత సిమ్ ఉన్న ఫోన్‌లో మెసేజ్‌లు తెరిచి ‘ఓటీపీ’ అని వెతకండి. ఆ నంబరుకు ఎవరెవరు ఓటీపీలు పంపారో వరసగా కనిపిస్తారు. మెయిల్‌లో పాత నంబరు చివరి నాలుగంకెలు కొట్టి వెతికితే మరికొన్ని దొరుకుతాయి. ఈ రెండూ కలిపితే మీ జాబితా సిద్ధం.

నంబరు ఇప్పటికే పోయిందా?

సిమ్ పోయినా, ఆగినా మొదట చూడాల్సింది కంపెనీ దుకాణం. నంబరు మీ పేరునే ఉండి ఇంకొకరికి ఇవ్వకపోతే గుర్తింపు కార్డుతో మళ్లీ తెచ్చుకునే అవకాశం ఉంటుంది. సిమ్ మార్చాక భద్రత కోసం మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. ఓటీపీ రావడం లేదని కంగారు పడి పదేపదే ప్రయత్నించకండి.

నంబరు ఇంకొకరికి వెళ్లిపోతే ఆ వ్యక్తికి ఫోన్ చేసి కోడ్ చెప్పమని అడగాలనిపిస్తుంది. అవతలివాళ్లు మిమ్మల్నే మోసగాడనుకుంటారు, అలా అనుకోవడమే సరైనది కూడా. దానికి బదులు ఇవి ప్రయత్నించండి.

• మీ మెయిల్ ఇంకా తెరిచి ఉన్న పరికరం ఏదైనా ఉందా? పాత ట్యాబ్, ఇంట్లో ల్యాప్‌టాప్, టీవీ కూడా చూడండి. ఫోన్, ట్యాబ్, కంప్యూటర్ ఏదైనా సరే, లాగిన్ అయి ఉంటే అక్కడి నుంచే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. పొరపాటున కూడా లాగౌట్ కావద్దు.

• ఏదీ లేకపోతే, మీరు ఎప్పుడూ వాడే ఇంటి వైఫైలో, ఇంతకుముందు వాడిన కంప్యూటర్ నుంచే రికవరీ ప్రయత్నించండి. పరిచయమున్న చోటు, పరికరం అయితే నమ్మే అవకాశం ఎక్కువ.

• రికవరీ మెయిల్ ఇచ్చి ఉంటే కోడ్ దానికి పంపమని ఎంచుకోండి.

• బ్యాంకు శాఖకు, ఆధార్ కేంద్రానికి నేరుగా వెళ్లి పాత నంబరు తీయించండి.

• ‘మీ ఖాతా తిరిగి తెప్పిస్తాం’ అని సోషల్ మీడియాలో చెప్పేవాళ్లకు, వెతికితే దొరికే ‘కస్టమర్ కేర్’ నంబర్లకు డబ్బు, వివరాలు ఇవ్వకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

ఇంకో కోణం కూడా ఉంది. మీరే కొత్త సిమ్ తీసుకున్నాక వేరేవాళ్ల ఓటీపీలు వస్తుంటే ఎవరికీ చెప్పకండి, వాడకండి. ఆ నంబరు మీద మీ పేరు లేని ఖాతాలుంటే సంబంధిత బ్యాంకుకో సంస్థకో ‘ఈ నంబరు ఇప్పుడు నాది’ అని తెలియజేయండి.

విదేశాలకు వెళ్తున్నవాళ్లకు

డల్లాస్‌కో దుబాయ్‌కో వెళ్లిన ఏడాదికి, ఇక్కడి నంబరు ఎవరూ రీచార్జి చేయక పోగొట్టుకోవడం చాలా కుటుంబాల్లో చూసేదే. బయల్దేరే ముందే మెయిల్ రికవరీకి ఇక్కడి నంబరుతో పాటు మరో మెయిల్ కూడా ఇవ్వండి. ఇక్కడి సిమ్‌కు రీచార్జి తేదీని ఇంట్లోవాళ్ల క్యాలెండర్‌లో పెట్టించండి. ఎన్నారై ఖాతాలున్నవాళ్లు అమెరికా, యూఏఈ, సింగపూర్, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, సౌదీ, ఖతార్, ఒమన్, హాంకాంగ్ నంబర్లతో యూపీఐ వాడుకోవడానికి 2023లో అనుమతి వచ్చింది. మీ బ్యాంకు ఈ సేవ ఇస్తోందో లేదో కనుక్కోండి.

ఓటీపీ ఒక్కటే దిక్కు కాకుండా చూసుకోండి

మెయిల్‌కు నంబరు ఇవ్వడం తప్పు కాదు. నంబరు ఒక్కటే ఇచ్చి ఊరుకోవడమే తప్పు. ఎస్సెమ్మెస్ ఓటీపీ నుంచి మెరుగైన పద్ధతులకు మారాలని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2024 డిసెంబరులో సూచించింది. మన దగ్గర రిజర్వు బ్యాంకు కూడా, చెల్లింపుల ధ్రువీకరణకు ఎస్సెమ్మెస్ ఓటీపీ కాకుండా ఇతర పద్ధతులు వాడేలా 2025 సెప్టెంబరులో నిబంధనలు ఇచ్చింది. వాటి అమలుకు పెట్టిన తేదీ 2026 ఏప్రిల్ 1.

మీ స్థాయిలో చేయగలిగినవి మూడు. ఒకటి, బ్యాకప్ కోడ్లు. గూగుల్ ఖాతాలో రెండో దశ ధ్రువీకరణ పెట్టుకుంటే పది కోడ్లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి, ఇంటి పత్రాలు, బంగారం రసీదులు దాచే బీరువాలో పెట్టండి. ఫోన్‌లో ఫొటో తీసి దాచుకుంటే ఫోన్‌తో పాటే పోతాయి. రెండు, ఆథెంటికేటర్ యాప్ లేదా పాస్‌కీ. ఇవి సిమ్‌తో సంబంధం లేకుండా పనిచేస్తాయి. మూడు, రికవరీ మెయిల్. భార్యదో, భర్తదో, అన్నదో, నమ్మకమైనవాళ్ల మెయిల్ ఇవ్వొచ్చు. మీ రెండో మెయిలే ఇస్తే, దానికి కూడా ఇదే నంబరు రికవరీగా ఉండకూడదు. ఉంటే రెండు తాళాలకూ ఒకే చెవి అవుతుంది.

ఒక్కసారి అమ్మానాన్నల ఫోన్లు కూడా చూడండి. ఫోన్ కొన్న రోజు షాపులో కుర్రాడే మెయిల్ ఖాతా తెరిచి ఇచ్చి ఉంటాడు. పాస్‌వర్డ్ ఏంటో ఇంట్లో ఎవరికీ తెలియదు. రికవరీ నంబరు ఏది పెట్టాడో అసలే తెలియదు. మనవళ్ల ఫొటోలన్నీ ఆ ఖాతాలోనే ఉంటాయి. ఫోన్ పనిచేస్తున్నంత కాలం ఈ విషయం బయటపడదు, పాడైన రోజే బయటపడుతుంది.

ఈ రాత్రి పది నిమిషాలు తీసుకుని మీ ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తెరవండి. సెక్యూరిటీ విభాగంలో కనిపించే నంబరు ఇప్పుడు మీ జేబులో ఉన్నదేనా? రికవరీ మెయిల్ గడిలో ఏముంది? బ్యాకప్ కోడ్లు రాసుకున్నారా? ఆధార్‌లో, బ్యాంకులో ఉన్నది అదే నంబరా? ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికి ‘కాదు’ లేదా ‘తెలియదు’ అన్నది జవాబైతే, ఫోన్ చేతిలో ఉండగానే సరిచేసుకోండి.